ఆకాంక్ష తీరని టర్బో



ముప్పై రెండేళ్లు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుడికి కారు ఇంజనుతో ఏం పని అని మీలో కొందరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాకు కారు నడపడం రాదు, ఈ వయసులో నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అయితే కిందటిసారి అమెరికా వెళ్లినప్పుడు సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మా అబ్బాయి ఇంట ఉన్నాను. అందులో సగం కాలం వాడి గరాజులో స్టూలు మీద కూర్చుని, వాడడిగిన పానా చేతికందిస్తూ గడిపాను. ఆ కూర్చోవడంలో ఒక మాట మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. మాటల మీద కోపం తెచ్చుకోవడం నా వృత్తిధర్మం కనుక ఈ టపా రాయడానికి నాకు అర్హత ఉందనే అనుకుంటున్నాను. ఆ మాట 'కిట్'.

కారు సుబారు డబ్ల్యుఆర్ఎక్స్ ఎస్‌టిఐ, 2011 నాటి నాలుగు తలుపుల సెడాన్. మావాడు దాన్ని ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. రెండున్నర లీటర్ల ఇంజను, రెండు వైపులా ఎదురెదురుగా పడుకున్న నాలుగు సిలిండర్లు, పుట్టుకతోనే ఒక టర్బో, 305 అశ్వశక్తి. కూరలు తెచ్చుకోవడానికీ మనవరాలిని బడిలో దింపడానికీ అందులో పదోవంతు చాలు. అది చాలక మావాడు ఆ టర్బోను విప్పి, దానికంటే బాగా పెద్దదాన్ని బిగించాలనుకున్నాడు. అక్టోబరు మొదట్లో గుమ్మం ముందు ఒక పెద్ద అట్టపెట్టె దిగింది. పెట్టె మీద 'కంప్లీట్ టర్బో కిట్' అని రాసి ఉంది. కంప్లీట్ అంటే సంపూర్ణమని నాకు తెలుసు. నా పేచీ అంతా అక్కడే మొదలైంది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇంజను నుంచి వేడి పొగ బయటికి పోయే దారిలో ఒక చిన్న చక్రం పెడతారు. పొగ తాకిడికి అది తిరుగుతుంది. అదే ఇరుసు రెండో కొనకు ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి నెడుతుంది. వృథాగా పోయే పొగతో పని చేయించుకునే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు తీసుకున్నాడు. గాలి ఎక్కువగా లోపలికి వెళితే దానికి తగ్గ పెట్రోలు కాల్చవచ్చు, శక్తి ఎక్కువ వస్తుంది. పెద్ద చక్రాలైతే గాలి మరింత ఎక్కువ. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు.

పెట్టె విప్పాం. టర్బో ఉంది. దాన్ని పాతచోట కాక అడ్డం తిప్పి కూర్చోబెట్టడానికి వంపు గొట్టాలున్నాయి (దీన్ని 'రొటేటెడ్' పద్ధతి అంటారట). పొగ ఎక్కువైనప్పుడు పక్కదారి పట్టించే వేస్ట్‌గేట్ ఉంది, బంపరు వెనక బిగించే ఇంటర్‌కూలర్ ఉంది, నూనె గొట్టాలు, బిగింపు పట్టీలు ఉన్నాయి. మెరిసిపోతున్నాయి. నిజం ఒప్పుకోవాలి, నాక్కూడా ముచ్చటేసింది. దసరా పండుగ రోజుల్లో ఆయుధపూజకు బాగుంటాయనుకున్నాను.

"ఇంక బిగించడమేనా?" అన్నాను.

"బిగించడమే నాన్నా. ఇంజెక్టర్లు విడిగా వస్తున్నాయి. పెట్రోలు పంపు, క్లచ్ తర్వాత చేద్దాం" అన్నాడు.

అదుగో ఆ 'తర్వాత'.

మా పండిత శిక్షణలో తర్కసంగ్రహం చదివించేవారు. రాసినవాడు అన్నంభట్టు, మన తెలుగువాడే. మాటల గుంపు వాక్యం కావాలంటే మూడు ఉండాలంటాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆకాంక్ష అంటే ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడటం. 'అబ్బాయి పుస్తకాన్ని' అని ఆపితే వినేవాడి చెవి ఇంకా చాచుకునే ఉంటుంది. చదివాడా, చించాడా, అమ్ముకున్నాడా? ఆ క్రియ వచ్చేదాకా వాక్యం వాక్యం కాదు. ఈ పెట్టెలో ఉన్నది సరిగ్గా అలాంటి ఆగిపోయిన వాక్యం. దాన్ని అమ్మేవాడు చివర చుక్క పెట్టి సంపూర్ణమని అమ్ముతున్నాడు.

చూడండి. గాలి పెరిగితే పెట్రోలు పెరగాలి. బరువు లెక్కన పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు సమపాళ్ల లెక్క. టర్బో గట్టిగా ఊదుతున్నప్పుడు సిలిండరు వేడెక్కకుండా పెట్రోలు ఇంకా చిక్కగా, పదకొండు పన్నెండు పాళ్ల గాలికి ఒక పాలు చొప్పున పోస్తారు. ఈ కారు ఫ్యాక్టరీ ఇంజెక్టరు ఒక్కోటి నిమిషానికి సుమారు 565 ఘన సెంటీమీటర్లు పోయగలదు. 500 అశ్వశక్తి కావాలంటే వెయ్యికి దగ్గరగా పోసేవి కావాలి. ఇంజెక్టరు పెద్దదైనంత మాత్రాన పెట్రోలు పుట్టదు కదా, ట్యాంకులోంచి అంత తోడే పంపు కావాలి. ఇంజెక్టరును ఎప్పుడు, ఎంతసేపు తెరవాలో చెప్పే కంప్యూటరుకు ఈ కొత్త లెక్క నేర్పాలి. వచ్చిన బలాన్ని గేరుపెట్టెకు చేర్చే క్లచ్ జారకుండా పట్టాలి. కారు త్వరగా వేగం అందుకుంటే త్వరగా ఆగడమూ నేర్వాలి, అంటే బ్రేకులు. వీటన్నిటినీ పైన భరించే పిస్టన్లు ఉన్నాయి, వాటి సంగతి తరవాత చెబుతాను. ఇవేవీ పెట్టెలో లేవు. వీటికి ఆ లోకంలో పెట్టిన పేరు 'సపోర్టింగ్ మాడ్స్', అంటే పక్కనుండి దన్నుగా నిలిచే మార్పులట! కర్తా క్రియా లేని వాక్యానికి ఒక విశేషణం అమ్మి, కర్త క్రియలను 'ఊతపదాలు' అన్నట్టుంది. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే. ఇక్కడ ఏనుగును అమ్మినవాడు అంకుశం ఊసే ఎత్తడు.

ఇక్కడ మా బంధువర్గానికీ ఒక మాట. ఫోనులో ఈ సంగతి విన్న ప్రతివారూ "డబ్బెక్కువై కొవ్వు" అని తేల్చేశారు. నేను ఆ పక్షం కాదు. ఉప్పు చల్లిన రోడ్ల మీద పదేళ్లకు పైగా తిరిగిన కారు అడుగున ప్రతి బోల్టూ తుప్పుతో ముద్దయి ఉంటుంది. ఎగ్జాస్టు మరలొకటి మెడ దగ్గర విరిగి లోపలే ఉండిపోతే, మావాడు నూనె పోసి, మంటతో కాల్చి, మళ్లీ నూనె పోసి, మూడు రాత్రులు తంటాలుపడి దాన్ని తీశాడు. విసుక్కోలేదు. కంప్యూటరు ముందు వేళ్లు తప్ప ఒళ్లు కదలని ఉద్యోగం చేసేవాడు, మోచేతుల దాకా మసి పూసుకుని, నూనె తిరిగి దిగే గొట్టం వాలు సరిగా ఉందో లేదో టార్చిలైటు వేసి చూసుకోవడం నాకు కొవ్వుగా కనిపించలేదు. మా నాన్నగారు బావి మోటారు విప్పుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి. కనుక నా కోపం కోరిక మీద కాదు, శ్రమ మీద అంతకంటే కాదు. ఆ శ్రమను సగంలో మోసం చేసే మాట మీద.

అమ్మేవాళ్ల వాదం నేను విన్నాను. 'అందరి అవసరాలూ ఒకటి కావు, పంపూ క్లచ్చూ ఎవరికి కావలసినవి వారు ఎంచుకుంటారు, అందుకే పెట్టెలో పెట్టం' అంటారు. బాగుంది. అలాంటప్పుడు పెట్టె మీద 'సంపూర్ణం' అని ఎందుకు రాయాలి? 'ఇవి లేకుండా బిగించరాదు' అని అంతే పెద్ద అక్షరాలతో ఎందుకు రాయకూడదు? చిన్న అక్షరాలతో రాసిన చీటీ ఒకటి పెట్టె అడుగున దొరికింది. దాని మీద ఉన్నది వేరే సంగతి: ఈ సామగ్రి పోటీల మైదానాలకే గానీ రోడ్ల మీద వాడటానికి కాదట! వెనకసీటులో పిల్లల కుర్చీ బిగించిన నాలుగు తలుపుల కారుకు సరిగ్గా సరిపోయేలా చేసి, ఇంటి గుమ్మానికి పంపి, రోడ్డు మీద వాడకు అనడం ఎంత చమత్కారం! అందులోని డౌన్‌పైపులో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టరు లేదు. రోడ్డు కారు నుంచి దాన్ని తీసివేయడం ఆ దేశపు క్లీన్ ఎయిర్ యాక్టు ప్రకారం నేరం, చీటీ అతికించినంత మాత్రాన నేరం ధర్మమైపోదు. ఈ విషయంలో మాత్రం మావాడితో గట్టిగా పోట్లాడి గెలిచాను. కన్వర్టరు ఉన్న గొట్టం వేరే తెప్పించాడు. అదీ పెట్టెలో లేనిదే, అదీ ఖర్చే.

తయారీదారులే తడబడ్డ విద్య ఇది. 1962లో జనరల్ మోటార్స్ వారు ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారును టర్బోతో అమ్మారు. ఇంటింటా నడిపే కార్లలో టర్బో పెట్టి అమ్మిన తొలి రెండింటిలో అదొకటి, రెండోది అదే సంస్థ కార్వైర్. జెట్‌ఫైర్ ఇంజనులో మిశ్రమం ముందుగా పేలిపోకుండా నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవం ఒకటి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ సీసా ఖాళీ అయితే యజమాని నింపుకోవాలి. జనం నింపలేదు. ఏడాది తిరిగేసరికి, 1963తో ఆ కారుకు తెర దించారు. తరువాత చాలా కార్ల నుంచి టర్బో ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించారు. వాక్యం మొత్తం ఫ్యాక్టరీలోనే రాసి ఇచ్చినా, ఒక్క సీసా దగ్గర ఆకాంక్ష తీరక అర్థం చెడింది. అలాంటిది గరాజులో సగం వాక్యంతో ఏం చేస్తాం?

నవంబరులో పని ముగిసింది. అంతకుముందే, చలి ముదరకముందు, సాధారణమైన వెచ్చటి రోజున ఒక వర్క్‌షాపులో రోలర్ల మీద కారు నడిపి కంప్యూటరుకు కొత్త లెక్కలు నేర్పారు. గోడ మీద తెర మీద ఒక అంకె వెలిగింది. ఆ అంకె ఇక్కడ రాయను. ఈ వ్యవహారంలో మనుషులను చెడగొట్టేది ఆ అంకే. లెక్కలు నేర్పినతను మాత్రం పంపు అంచున ఉందని, మార్చేదాకా గట్టిగా తొక్కవద్దని చెప్పాడు. నేను విన్నాను. మావాడూ విన్నాడు.

ఒక ఆదివారం వాన పడుతుండగా కోడలు, మనవరాలు, నేను ఆ కారులో ఉన్నాం. ఊరి చుట్టూ తిరిగే ఐ-270 రహదారిలోకి పక్కదారి నుంచి చేరాలి. వెనకనుంచి పెద్ద ట్రక్కు వస్తోంది. మావాడు పెడలు తొక్కాడు. ఏమీ జరగలేదు. ఇంజను చప్పుడు పెరుగుతోంది, కారు మాత్రం వెనకబడే ఉంది. ట్రక్కు హారను మోగింది. అప్పుడు, అవసరం తీరిపోబోతున్న క్షణంలో, కొండమీంచి ఎవరో నెట్టినట్టు బలమంతా ఒక్కసారి వచ్చింది. తడి రోడ్డు మీద కారు వెనకభాగం పక్కకు జరిగింది. మావాడు సర్దుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మనవరాలు నవ్వింది, అది ఆట అనుకుంది. కోడలు ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

దీన్ని వాళ్లు 'లాగ్' అంటారు, అన్నంభట్టు 'సన్నిధి' లేకపోవడం అంటాడు. పొద్దున 'ఆవును' అని, సాయంత్రం 'తోలుకురా' అంటే అది ఆజ్ఞ కాదు. కాలికీ కదలికకూ మధ్య అంత దూరం ఉంటే అది వాహనం కాదు. దీనికి కారణం చక్రం పరిమాణమే. ఆకారమూ లోహమూ మారకుండా చక్రం వ్యాసం మాత్రం పెరిగితే, దాన్ని తిప్పడానికి అడ్డుపడే జడత్వ భ్రామకం వ్యాసం అయిదో ఘాతం చొప్పున పెరుగుతుంది. వ్యాసం 20 శాతం పెరిగితే జడత్వం దాదాపు రెండున్నర రెట్లు! పైగా పెద్ద టర్బైనును తిప్పడానికి పొగ ఎక్కువ కావాలి, ఎక్కువ పొగ ఇంజను వేగంగా తిరిగితేనే వస్తుంది. బాల్ బేరింగులు వచ్చాయి, రెండు దారుల టర్బైను గూళ్లు వచ్చాయి, ఆలస్యం తగ్గిందంటారు. తగ్గుతుంది, పోదు. 1973లో బిఎమ్‌డబ్ల్యు వారు 2002 టర్బో అనే కారు తెచ్చారు. ముందువాడు తన అద్దంలో చూసి తప్పుకోవాలని, బంపరు కింద దాని పేరును అద్దంలో చదివేట్టు తిరగేసి రాశారు. ఆ కారులోనూ బలం ఆలస్యంగా, ఒక్కసారిగా వచ్చేది. టర్బోను రోజువారీ రోడ్డుకు అలవాటు చేసింది 1977లో సాబ్ 99 టర్బోను చూపించిన స్వీడన్‌వారు. వాళ్లు చేసిన ఘనకార్యమేమిటయ్యా అంటే, త్వరగా తిరిగే చిన్న టర్బో పెట్టి, ఎక్కువైన పొగను వేస్ట్‌గేటుతో పక్కకు పంపడం. శిఖరం మీద అంకెను వదులుకుని నడిమధ్య బలాన్ని తీసుకున్నారు. ఫ్యాక్టరీవాడు చిన్న టర్బో పెట్టాడంటే పిసినారితనమని మావాడి మిత్రులు నాతో అన్నారు. ట్రక్కు ముందు ఆ మాట అనమనండి.

జనవరిలో ఇంజను పోయింది. అర్ధరాత్రి దాటాక, ఖాళీ రోడ్డు మీద, చలి సున్నాకు పది డిగ్రీలు కింద ఉండగా మావాడు ఒక్కడే వెళ్లాడు. కాస్త గట్టిగానే తొక్కాడట. ఇరవై డిగ్రీల గాలికంటే ఆ చలిగాలి సుమారు 11 శాతం చిక్కన. చిక్కటి గాలిని పెద్ద టర్బో నిండుగా మింగింది, దానికి తగ్గ పెట్రోలు తోడడానికి అంచున ఉన్న పంపుకు ఊపిరి చాలలేదు. మిశ్రమం పలచబడింది. పలచబడ్డ మిశ్రమం వేడికి, మెరుపు వెలిగించిన జ్వాల చేరకముందే మూలల్లో తనంతట తాను పేలుతుంది. దాన్ని 'నాక్' అంటారు. ఆ పేలుడు సుత్తిదెబ్బలా పిస్టను నెత్తిన పడుతుంది. ఒక పిస్టనులో రింగులను పట్టి ఉంచే సన్నటి గట్టు విరిగింది. కారు నీలిపొగ కక్కుకుంటూ ఇల్లు చేరింది. ఇది కారు చేసినవాళ్ల తప్పు కాదు. వాళ్లు 305 అశ్వశక్తికి లెక్కవేసి చేసిన పిస్టను మీద ఎవరో ఇంకెంతో మోపితే వాళ్లేం చేస్తారు? యోగ్యత లేదన్నమాట. నిప్పుతో తడపమంటే వ్యాకరణం కుదిరినా పని జరగదని పాఠం చెప్పేవాడిని, ఇన్నాళ్లకు ఆ ఉదాహరణ కళ్లారా చూశాను.

"పంపు ఎంత?" అని అడిగాను.

చెప్పాడు. విరిగినదాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చులో అది ఇరవయ్యో వంతు కూడా లేదు. కొత్త పిస్టన్లతో కట్టిన ఇంజను అడుగుభాగానికి, కిట్టుకు పెట్టినదానికంటే ఎక్కువ పెట్టాల్సి వచ్చింది.

తిలాపాపం తలా పిడికెడు. తొక్కవద్దన్నా తొక్కినవాడు మావాడు, కాదనను. పక్కన కూర్చుని 'తర్వాత' అన్న మాట విని ఊరుకున్నవాణ్ణి నేను. బడిలో పిల్లవాడు క్రియ లేని వాక్యం రాసి 'తర్వాత రాస్తాను మాస్టారూ' అంటే చెవి మెలేసేవాణ్ణి. అయినా పెద్ద పిడికెడు మాత్రం 'సంపూర్ణం' అని అచ్చువేసినవాడిదే. వంటింటి మిక్సీ అమ్మేవాడు జారు లేకుండా అమ్మి, మీద 'కంప్లీట్' అని రాస్తే మనం ఊరుకోం. ఇక్కడ వేల డాలర్ల సరుకు, గంటకు వంద కిలోమీటర్లకు పైగా వెళ్లే బండి, వెనకసీటులో పిల్ల. ఇక్కడ మాత్రం కొన్నవాడి అజ్ఞానమని దులుపుకుంటారు.

'అంచెలంచెలుగా చేసుకుంటాం, ఒకేసారి అంత డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది' అని మావాడి మిత్రుడొకడు వాదించాడు. మంచి కుర్రాడే. అతనికి నేను చెప్పింది ఇదే: అంచెలంచెలుగా కట్టేవాడు పునాది ముందు తీస్తాడు, కలశం ముందు పెట్టడు. పంపు, ఇంజెక్టర్లు, క్లచ్, బ్రేకులు ముందు మార్చు. పాత టర్బోతోనే ఏడాది తిరుగు. పిస్టన్లకు డబ్బు కూడబెట్టు. అన్నీ అయ్యాక చేతిలో మిగిలితే, అప్పటికీ కోరిక మిగిలితే, ఆ మెరిసే గిన్నె కొనుక్కో. కొని, ఊరి పక్కనే హెబ్రన్‌లో నేషనల్ ట్రెయిల్ రేస్‌వే ఉంది, పావుమైలు తిన్నటి దారి, అక్కడికి తీసుకెళ్లి తొక్కు. అతను నవ్వి, "అంకుల్, అలా అయితే ఎవరూ పెద్ద టర్బో కొనరు" అన్నాడు. నేను వేరే ఏం అంటున్నాననుకున్నాడో!

నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి ఇంజను గరాజులో స్టాండు మీద తలకిందులుగా వేలాడుతోంది. ఫ్యాక్టరీ టర్బోను మావాడు పారేయలేదు, పాత తువ్వాలులో చుట్టి బీరువా పైన పెట్టాడు. నేను వచ్చిన వారానికి ఫోను చేశాడు. పంపు తెప్పించాడట, క్లచ్ దారిలో ఉందట. పైకి ఏ టర్బో వేస్తావురా అని అడిగాను. అది తర్వాత చూద్దాం నాన్నా అన్నాడు.